శ్రీశైలం కాలిబాటలో మనసు చేతులెత్తేయకుండా నడవడం ఎలా

వెంకటాపురం దగ్గర అడవిలోకి అడుగుపెట్టేటప్పుడు అందరూ హుషారుగానే ఉంటారు. పెచ్చెరువు చేరేసరికి సగం మందికి మాటలు ఆగిపోతాయి. మఠంబావి దాటాక "ఎందుకొచ్చామురా దేవుడా" అన్న మాట ఎవరూ పైకి అనరు గానీ ప్రతి ముఖంలోనూ కనిపిస్తుంది. శివరాత్రికో ఉగాదికో నల్లమల కాలిబాటన శ్రీశైలం నడిచిన వాళ్ళకు ఇది తెలిసిన సంగతే. మొదటిసారి నడవబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆత్మకూరు పక్కనున్న వెంకటాపురం నుంచి నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం దాకా నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కువమంది రెండు రోజుల్లో నడుస్తారు. నాగలూటి వైపు ఇప్పటికీ కాలికి తగిలే పాత రాతిమెట్లు 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించినవని చెబుతారు. అంటే దాదాపు ఏడువందల ఏళ్ళుగా జనం ఈ దారిలో అలసిపోతూనే ఉన్నారు, చేరుతూనే ఉన్నారు.

నేను చూసినంతలో, మధ్యలో కూలబడేవాళ్ళలో కాళ్ళు నిజంగా మొరాయించినవాళ్ళు తక్కువ. ఆకలి, దాహం, ఎండ, నిద్రలేమి కలిసి తలలోకి ఎక్కి "ఇక నావల్ల కాదు" అనిపిస్తాయి. దాన్ని మనం మనోబలం లేకపోవడం అనుకుంటాం. అందుకే మనసును గట్టి చేసుకోమని ఉపన్యాసం చెప్పను. మనసుకు ఆ మాట అనే అవకాశం రాకుండా ముందే ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో, అయినా అన్నప్పుడు వరసగా ఏమేం చేయాలో చెబుతాను.

1. ఎందుకు నడుస్తున్నారో ఇంట్లోనే తేల్చుకోండి

"ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారు కదా" అన్న కారణం నాగలూటి దాకా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆ ఫ్రెండ్స్ కూడా మీలాగే రొప్పుతూ ఉంటారు కాబట్టి దానికి బలం ఉండదు. కారణం మీ సొంతమై ఉండాలి. అమ్మ ఆపరేషన్ బాగా జరిగితే నడిచి వస్తానని మొక్కుకున్నారా? నాన్న నడిచిన దారి ఒకసారి చూడాలనుందా? ఏడాదంతా కుర్చీలో కూర్చున్న ఒళ్ళు ఏపాటిదో తెలుసుకోవాలనుందా? ఏదైనా పర్వాలేదు. భక్తి ఉంటేనే నడవగలరు, లేకపోతే లేదు అని నేను అనను. దేవుడి మీద పెద్దగా పట్టింపు లేనివాళ్ళు కూడా ఆ అడవి కోసం నడిచి, నిండుగా తిరిగొచ్చినవాళ్ళున్నారు.

ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో పెట్టుకోండి, ఇంట్లో ఒక్కరికి చెప్పండి. స్టేటస్ పెట్టి ఊరందరికీ చాటాల్సిన పనిలేదు. ఊరందరికీ చెబితే దారిలో కష్టం వచ్చినప్పుడు "వాళ్ళేమనుకుంటారో" అన్న టెన్షన్ కూడా మోయాలి. ఒక్కరికి చెబితే ఆ ఒక్కరి ముఖం గుర్తొస్తుంది, అది చాలు.

2. నెల ముందు నుంచి కాళ్ళతో పాటు విసుగును కూడా సాధన చేయండి

నడక అలవాటు చేసుకోమని అందరూ చెబుతారు. నేను ఇంకో రెండు చెబుతాను.

ఒకటి, వరసగా రెండు రోజులు నడవండి. శనివారం పది పన్నెండు కిలోమీటర్లు నడిచి, ఆదివారం పొద్దున్నే నొప్పి కాళ్ళతో మళ్ళీ బయల్దేరండి. ఆ ఆదివారం నడకే అసలు సాధన. మొదటి పావుగంట కాళ్ళు కర్రల్లా ఉంటాయి, తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి. ఇది ఒకసారి ఒంటికి తెలిస్తే, పెచ్చెరువులో పడుకుని లేచిన రెండో రోజు పొద్దున మీరు బెదిరిపోరు. వీలైతే అలిపిరి మెట్లదారి ఒకసారి ఎక్కి రండి. 3,550 మెట్లలో గాలిగోపురం దాకా ఉండే ఎక్కుడు మీకు చాలా విషయాలు చెబుతుంది.

రెండోది, చెవిలో పాటలు లేకుండా నడవండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది. పాటలుంటేనే కాళ్ళు కదిలే అలవాటు పడితే అవి ఆగిన క్షణాన కాళ్ళూ ఆగుతాయి. మూడు గంటలు మీతో మీరు నడవడం ఇంటి దగ్గరే అలవాటు కావాలి.

బూట్లు కొత్తవి వద్దు, కనీసం నెల వాడినవి ఉండాలి. చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకున్నవాళ్ళు నెలరోజులైనా మట్టిదారిలో వట్టి కాళ్ళతో తిరగాలి. అపార్ట్‌మెంట్ టైల్స్ మీద తిరిగిన పాదాలు నల్లమల రాళ్ళకు మొదటి పూటే ఓడిపోతాయి, పాదం ఓడాక మనసును నిలబెట్టడం చాలా కష్టం.

3. మొదటి రెండు గంటలు అవసరమైన దానికన్నా నెమ్మదిగా నడవండి

ఈ దారిలో కష్టాలన్నిటికీ మొదలు ఇక్కడే ఉంది. పొద్దున చల్లగా ఉంటుంది, చుట్టూ "ఓం నమః శివాయ" అని జనం, ఒంట్లో కొత్త ఉత్సాహం. అందరూ పరుగులాంటి నడకతో పోతుంటారు. మీరు పోకండి. పక్కనున్నవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడుతూ నడవగలుగుతున్నారంటే మీ వేగం సరైనదే. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి. వేగంగా నడిచినప్పుడు ఒళ్ళు నిలవ ఉంచుకున్న చక్కెరను గబగబా ఖర్చు పెట్టేస్తుంది. మధ్యాహ్నానికి ఆ నిలవ అడుగంటాక వచ్చే నీరసమే "నావల్ల కాదు" అన్న ఆలోచనగా తలలో వినిపిస్తుంది.

మిమ్మల్ని దాటిపోయేవాళ్ళను చూసి నొచ్చుకోవద్దు. ఉగాదికైతే కర్ణాటక నుంచి వారాల తరబడి నడుచుకుంటూ వచ్చేవాళ్ళు ఇదే దారిలో కలుస్తారు. ఆఫీసులో కూర్చుని వచ్చిన మనం వాళ్ళ నడకతో మన నడకను పోల్చుకోవడంలో అర్థం లేదు.

4. మొత్తం దూరాన్ని మరిచిపోయి తర్వాతి మజిలీ ఒక్కటే పట్టుకోండి

శివరాత్రి నాడు మల్లన్న గుడి మీద చుట్టే పాగాను చీరాల వైపు నేతకారులు రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా నేస్తారు. ఈ దారిని కూడా అలాగే నడవాలి.

పైన చెప్పిన ఊళ్ళూ మజిలీల పేర్లు వరసగా కంఠతా పట్టండి. వెంకటాపురంలో ఉన్నప్పుడు మీ లోకంలో శ్రీశైలం లేదు, నాగలూటి మాత్రమే ఉంది. నాగలూటిలో వీరభద్రస్వామికి దండం పెట్టుకుని కూర్చున్నాక దామెర్లకుంట మొదలవుతుంది. ప్రతి మజిలీలోనూ ఒక చిన్న పని పెట్టుకోండి. ఇక్కడ మజ్జిగ తాగుతాను, అక్కడ సాక్సులు మారుస్తాను, పెచ్చెరువులో ఇంట్లోంచి తెచ్చిన అరిసె తింటాను. ఆ అరిసెను ముందే తినేయకండి! పిల్లలకు చెప్పే మాటలా ఉందనుకోవద్దు. అలసిన మనసుకు పెద్ద ఆశయాలు ఆనవు, అరిసె ఆనుతుంది.

"ఇంకెన్ని కిలోమీటర్లు" అని ఎదురొచ్చేవాళ్ళను అడగడం మానండి. ఒకరు ఐదంటారు, అరగంట నడిచాక ఇంకొకరు ఎనిమిదంటారు. ఆ ఎనిమిది విన్న నిమిషంలో కలిగే నిస్సత్తువకు మందు లేదు. కావాలంటే "తర్వాత నీళ్ళెక్కడ" అని అడగండి. దానికి సరైన జవాబు దొరుకుతుంది, ఉపయోగమూ ఉంటుంది.

మజిలీ కూడా దూరమనిపించినప్పుడు ఇంకా చిన్న ముక్కలు చేయండి. ఆ మలుపు దాకా. ఆ మోదుగ చెట్టు దాకా. శివరాత్రి రోజుల్లో అడవి చాలావరకు ఆకు రాల్చి బోసిగా ఉంటుంది, మోదుగ పూలు మాత్రం దూరం నుంచే ఎర్రగా కనిపిస్తాయి. గురి పెట్టుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు.

చూపు గురికి కూడా ఓపిక లేనప్పుడు లెక్క పెట్టండి. ఈ దారిలో నడిచేవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే: అడుగుకో అక్షరంగా న-మ-శ్శి-వా-య. అక్షరాలు ఐదు, బేసి సంఖ్య. కాబట్టి ఒకసారి ఎడమ కాలితో మొదలైతే మరుసటిసారి కుడికాలితో మొదలవుతుంది. ఏ కాలు మొదలుపెట్టిందో గమనించుకుంటూ ఉంటే బుర్రకు ఆ పనే సరిపోతుంది, నొప్పి గురించి ఫిర్యాదు చేసే తీరిక ఉండదు. ఎక్కుడులో అక్షరానికో అడుగు, చదునులో అక్షరానికి రెండడుగులు. మంత్రం వద్దనుకుంటే ఒకటి నుంచి ఐదు అంకెలు పెట్టుకోండి, లెక్క అదే పని చేస్తుంది.

5. "ఇక నావల్ల కాదు" అనిపించిన క్షణంలో చేయాల్సినవి, వరసగా

ఇది అందరికీ వస్తుంది. బాగా సాధన చేసినవాళ్ళకూ వస్తుంది. రాగానే మనసుతో వాదనకు దిగకండి, గెలవరు. కింది వరస పాటించండి.

ముందు నీడ వెతుక్కోండి. దారి మధ్యలో నిలబడి ఆలోచించవద్దు. ఆకులు లేని అడవిలో నీడ తక్కువే, పెద్ద బండ పక్కన కూర్చున్నా చాలు.

తర్వాత నీళ్ళు. గటగటా లీటరు కాదు, గుక్కలు గుక్కలుగా. చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు కనిపిస్తుంటే వట్టి నీళ్ళు చాలవు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలుపుకోండి, లేదా ఉప్పేసిన మజ్జిగ. చెమటతో ఉప్పు పోతుంటే వట్టి నీళ్ళే తాగుతూ పోవడం కూడా తలనొప్పి, వికారం తెస్తుంది.

ఆ తర్వాత తీపి. బెల్లం ముక్క, పల్లీపట్టి, ఖర్జూరం, అరటిపండు, ఏదో ఒకటి. ఆకలి లేదని దాటేయకండి. ఎండలో నడిచే ఒంటికి ఆకలి చచ్చిపోతుంది, తిండి అవసరం మాత్రం చావదు.

మఠంబావి దగ్గర ఒకసారి ఒక కుర్రవాడు రాయి మీద కూర్చుని తల వంచేసుకున్నాడు. స్నేహితులు భుజం తట్టి "లేరా, నీవల్ల అవుతుందిరా" అని ఎంత చెప్పినా కదల్లేదు. వెనకాల వస్తున్న ఒక అవ్వ ఆగి, "ఏం నాయనా, ఏమన్నా తిన్నావా?" అంది. "లేదవ్వా, ఆకలి కావట్లేదు." ఆమె కొంగు ముడి విప్పి నిమ్మకాయంత బెల్లం ముద్ద తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఆకలి కోసం కాదులే, నోట్లో వేసుకో" అని అతను చప్పరించడం మొదలుపెట్టేదాకా కదలకుండా నిలబడింది. తర్వాత స్టీలు బాటిల్‌లోంచి మజ్జిగ మూతలో పోసి ఇచ్చింది. పావుగంటలో అతను లేచి బూటు లేసులు కట్టుకుంటున్నాడు. స్నేహితులు చెప్పిన మాటల్లో తప్పేమీ లేదు, కానీ ఆ సమయంలో అతనికి కావాల్సింది మాటలు కాదు.

తీపి అయ్యాక బూట్లు విప్పండి. ఇది చాలామంది చేయరు. సాక్సులో ఇరుక్కున్న చిన్న గడ్డిముల్లు, మడతపడ్డ గుడ్డ, మడమ దగ్గర చురుక్కుమంటున్న ఎర్రని మచ్చ, వీటిలో ఏదో ఒకటి గంట నుంచి మిమ్మల్ని తింటూ ఉంటుంది. ఎర్రబడిన చోట పొక్కు లేవకముందే మెడికల్ టేపు అంటించండి. పొడి సాక్సులు వేసుకోండి. పాదానికి గాలి తగిలిన రెండు నిమిషాల్లో ముఖం మారిపోవడం ఎన్నోసార్లు చూశాను.

ఇవన్నీ అయ్యాక పది నిమిషాలు కళ్ళు మూసుకోండి. అప్పుడు మాత్రమే "నడవాలా, ఆగాలా" అని ఆలోచించండి. ఈ వరస పూర్తి కాకముందు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. నూటికి తొంభై సార్లు ఆ ప్రశ్నే మిగలదు అని అంకె వేసి చెప్పలేను గానీ, చాలాసార్లు మిగలదని మాత్రం ధైర్యంగా చెబుతాను.

6. తోటివాళ్ళతో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

"ఇంకెంత, ఇదిగో వచ్చేసింది!"

ఈ అబద్ధం దయచేసి చెప్పకండి. ధైర్యం చెప్పాలనే అంటారు, నాకు తెలుసు. కానీ అలసిన మనిషి ఆ మాట నమ్మి మిగిలిన ఓపికనంతా తీసి ఖర్చు పెట్టేస్తాడు. ఐదు నిమిషాల్లో రావాల్సింది గంటైనా రాకపోతే మీ మాట మీదే కాదు, దారి మీదే నమ్మకం పోతుంది. "ఇంకో గంట ఎక్కుడుంది, మధ్యలో నీళ్ళు లేవు, మెల్లగా పోదాం" అని నిజం చెప్పండి. నిజానికి మనసు సర్దుకుంటుంది.

గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్ళు ఎప్పుడూ అందుకోవడానికే ఉరుకుతుంటారు. వాళ్ళు చేరేసరికి మిగతావాళ్ళు విశ్రాంతి అయిపోయి లేస్తుంటారు, పాపం వాళ్ళకు కూర్చునే వీలే దొరకదు. ఇది ఒంటికి కన్నా మనసుకు పెద్ద దెబ్బ. నలుగురైదుగురు మించని జట్టు మంచిది. ఒకరు అందరి వెనకా నడుస్తూ, ఎవరూ తప్పిపోకుండా చూసుకోవాలి.

ఇంకొకటి. మీరు బాగా నీరసపడినప్పుడు పక్కవాళ్ళ పని ఒకటి నెత్తిన వేసుకోండి. ఎవరికో బాటిల్ నింపి ఇవ్వండి, చేయందించి రాయి దాటించండి. వేరేవాళ్ళ కాళ్ళ గురించి ఆలోచిస్తున్నంతసేపు మన కాళ్ళు గుర్తురావు. దారి పొడవునా అన్నదానం చేసేవాళ్ళు, మంచినీళ్ళు పోసేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో రెండు మాటలు మాట్లాడండి. ఎవరెవరో ఎక్కడినుంచో వచ్చి మన ఆకలి కోసం అడవిలో పొయ్యి పెట్టుకు కూర్చున్నారన్న తలపు కూడా ఒక బలమే. "చేదుకో మల్లన్నా" అని నలుగురు గొంతెత్తినప్పుడు మీరూ గొంతు కలపండి. బిడియం వద్దు. గట్టిగా అరిచినప్పుడు ఊపిరి నిండా బయటికి పోయి, నిండా లోపలికి వస్తుంది.

7. భీముని కొలను దగ్గర

ఈ దారిలో మనసును అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షించే చోటు ఇదే. అంత దూరం ఎక్కి వచ్చాక దారి లోయలోకి దిగిపోతుంది. నిటారు దిగుడు. ఎదురుగా అవతలి కొండ, దాని మీద మెట్లు, వాటి మీద చీమల్లా కదులుతున్న మనుషులు కనిపిస్తారు. దిగినదంతా మళ్ళీ ఎక్కాలని కంటితో చూస్తూ దిగాలి. చాలామంది ఇక్కడ కళ్ళనీళ్ళ పర్యంతమవుతారు.

దీనికి మొదటి మందు ముందే తెలిసి ఉండటం. తెలియక ఎదురైతే మోసపోయినట్టు ఉంటుంది, తెలిసి వస్తే "ఓహో, చెప్పినది ఇదేనా" అనిపిస్తుంది. ఇది చదివారు కాబట్టి మీకు తెలిసినట్టే.

మిట్టమధ్యాహ్నం ఇక్కడికి చేరేలా పెట్టుకోకండి. బండలు కాగి ఉంటాయి. రెండో రోజు తెల్లవారుజామునే జనంతో కలిసి బయల్దేరితే ఎండ ముదరకముందే దాటొచ్చు.

దిగేటప్పుడు తొందర వద్దు. చేతికర్రను ముందు కింది మెట్టు మీద ఆనించి, తర్వాత కాలు వేయండి. అడుగు చిన్నది, మోకాలు కాస్త వంచి, ఒళ్ళు కొద్దిగా పక్కకు తిప్పి. దిగుడులో తొడ కండరాలు బరువును ఆపుతూ సాగుతాయి కాబట్టి ఎక్కుడు కన్నా ఎక్కువ దెబ్బతింటాయి. ఆ నొప్పి మరుసటి రోజు తెలుస్తుంది.

కిందికి చేరాక వెంటనే ఎక్కడం మొదలుపెట్టొద్దు. కూర్చోండి. తినండి. ముఖం కడుక్కోండి. ఎక్కే ముందు ఒక్కసారి పైకి చూసి, ఇక చూడటం మానేయండి. మీ కళ్ళు ముందున్న మనిషి మడమల మీదే ఉండాలి. ఇరవై మెట్లు ఎక్కి, నిలబడే పది ఊపిర్లు తీసుకోండి. మళ్ళీ ఇరవై. ఓపిక తగ్గితే పది మెట్లు, పది ఊపిర్లు. సంఖ్య తగ్గించవచ్చు, వరస మాత్రం తప్పొద్దు. కూర్చుంటే లేవడానికే సగం ఓపిక పోతుంది కాబట్టి ఎక్కుడులో నిలబడే ఆగండి. కర్ర మీద రెండు చేతులు పెట్టి, వాటి మీద గడ్డం ఆనిస్తే వీపుకు హాయిగా ఉంటుంది. పక్కకు తప్పుకుని ఆగండి, వెనకవాళ్ళకు దారి ఉండాలి.

8. రాత్రి పూట

పెచ్చెరువులాంటి చోట్ల జనం మధ్యలో పడుకోండి. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. పండగ రోజుల్లో అటవీశాఖ తెరిచిన దారిలో, వాళ్ళు చెప్పిన వేళల్లో మాత్రమే నడవాలి. మిగతా రోజుల్లో అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదు. ఒంటరిగా రాత్రి నడక సాహసం అనిపించుకోదు. ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ వద్దు, స్టీలు బాటిల్ తెచ్చుకోండి.

తెల్లవారుజామున మూడు నాలుగు గంటలప్పుడు మెలకువ వస్తే ప్రపంచమంతా చీకటిగా తోస్తుంది. ఒళ్ళు బాగా చల్లబడే వేళ అది. మోకాలి నొప్పి పెద్దదిగా, మిగిలిన దారి పొడుగ్గా, ఇల్లు చాలా దూరంగా అనిపిస్తాయి. ఆ వేళ వచ్చిన ఆలోచన దేన్నీ నమ్మకండి. చెవులకు తువ్వాలు చుట్టుకుని మళ్ళీ పడుకోండి. వెలుతురు వచ్చాక, వేడి టీ కడుపులో పడ్డాక అదే మోకాలు, అదే దారి వేరేగా కనిపిస్తాయి.

9. మనసు చెప్పేది కాక, ఒళ్ళు చెప్పేది ఎప్పుడు వినాలి

ఇంతవరకు చెప్పినవన్నీ అలసట గురించి. అలసట వేరు, ప్రమాదం వేరు. గుండెలో పట్టేసినట్టు నొప్పి, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడటం, నిలబడితే తూలిపోవడం, ఏం తాగినా వాంతి కావడం, చాలాసేపు మూత్రం రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా "ఇంకాస్త ఓర్చుకో" అన్నమాట నేరం లాంటిది. నడక ఆపండి, నీడలో పడుకోబెట్టండి. ఒళ్ళు కాలిపోతుంటే తల, మెడ, చంకలు తడిపి విసరండి. తెలివిగా ఉంటేనే నీళ్ళు పట్టండి. అక్కడున్న వలంటీర్లకో, వైద్య శిబిరానికో, పోలీసులకో వెంటనే కబురు పెట్టండి.

బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే బయల్దేరాలి. షుగర్ మందు వేసుకుని తిండి మానేసి నడవడం చాలా అపాయం. మొక్కు కదా అని ఉపవాసంతో నడిచేవాళ్ళకు కూడా ఇదే నా విన్నపం: కనీసం పండ్లు, మజ్జిగ తీసుకోండి. మల్లన్న వచ్చే ఏడాదీ అక్కడే ఉంటాడు, నెమ్మదిగా రమ్మంటాడు గానీ ప్రాణం మీదికి తెచ్చుకోమనడు.

10. కైలాసద్వారం తర్వాత

కైలాసద్వారం చేరగానే అయిపోయిందనిపిస్తుంది. అక్కడే చాలామంది ఓపిక జారిపోతుంది. ఇంకా హటకేశ్వరం, సాక్షి గణపతి దాటి గుడి చేరాలి. రాళ్ళదారి పోయి రోడ్డు వస్తుంది, పక్కనుంచి బండ్లు పోతుంటాయి, చూసేకొద్దీ కాళ్ళు లాగుతాయి. అడవిలో లేని కొత్త ఇబ్బంది ఇది: అక్కడ ఎక్కడానికి బండి లేదు కాబట్టి ఆలోచనా లేదు. అందుకే కైలాసద్వారాన్ని గమ్యంగా కాకుండా ఇంకో మజిలీగానే లెక్కలో పెట్టుకోండి. తినడానికి ఏదో ఒకటి దీని కోసం అట్టే పెట్టండి. బండి ఎక్కుతారా నడుస్తారా అన్నది ఇంట్లోనే తేల్చుకుని రండి, రోడ్డు మీద తేల్చుకోవద్దు. బండి ఎక్కాలనుకుంటే నిశ్చింతగా ఎక్కండి, అందులో తప్పేమీ లేదు. నడవాలనుకుంటే సాక్షి గణపతి దాకా అని ఒక గురి, అక్కడ దండం పెట్టుకున్నాక గుడి దాకా అని ఇంకో గురి.

తిరుగు ప్రయాణం టికెట్ మాత్రం చేరిన రోజుకే పెట్టుకోకండి. శివరాత్రి క్యూలు ఎంతసేపో ఎవరి చేతిలోనూ ఉండదు. సాయంత్రం ఐదింటి బస్సు మనసులో ఉంటే భీముని కొలను మెట్ల మీద కూడా గడియారమే కనిపిస్తుంది, అడుగు అడుగుకీ ఆలస్యమవుతోందన్న బెంగ ఎక్కుతుంది. ఒక రాత్రి అక్కడే ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోండి. ఆ రాత్రి గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పాదాలు పెట్టుకుని, పొక్కులుంటే చిదపకుండా శుభ్రం చేసి పొడి గుడ్డ కట్టండి. మర్నాడు బస్సులో కిటికీ పక్క సీటు కాకుండా నడవ పక్క సీటు తీసుకుంటే కాళ్ళు చాపుకోవచ్చు.